ఎవరూ అనని మాట

ఇంటర్వ్యూల్లో మంత్రిగారు ఏం మాట్లాడాలో రాసిపెట్టేది ఆయన కార్యదర్శి. పాము చావాలి, కర్ర విరగకూడదు; అలా ఉండేవి అతని వాక్యాలు.

కలుషితమైన కుళాయి నీళ్ళు తాగి రెండు వందల మంది ఆసుపత్రి పాలైన వారం, తప్పెవరిదని టీవీలో మంత్రిగారిని అడిగారు. ఆయన కాసేపు ఆగి, "నేనెవరినీ తప్పుపట్టను. ఆ ఉదయం పంపుహౌస్‌లో ఉన్నవాళ్ళు ఒళ్ళు తెలిసి ఉన్నారో లేదో వాళ్ళ మనస్సాక్షికే వదిలేస్తున్నాను," అన్నారు. 'కాసేపు ఆగాలి' అని కాగితం మీద రాసింది కూడా కార్యదర్శే.

ఆ ఉదయం పంపుహౌస్‌లో ఉన్నది ఒక్కడే, పాతికేళ్ళ సర్వీసున్న ఆపరేటరు. నాలుగో రోజున అతను ఉతికిన చొక్కా వేసుకుని, చేతిలో ప్లాస్టిక్ కవరుతో మంత్రిగారి ఆఫీసుకు వచ్చాడు. తాను తాగి ఉన్నానని ఎవరన్నారో కనుక్కుందామని వచ్చానన్నాడు. ఎవరూ అనలేదంటూ కార్యదర్శి వీడియో పెట్టి చూపించాడు. ఆపరేటరు రెండుసార్లు శ్రద్ధగా విన్నాడు.

"నిజమేనండీ, ఎవరూ అనలేదు. మరి నాలుగు రోజుల్నుంచి మా ఆవిడ గుమ్మంలోనే నా నోరు వాసన చూస్తోంది. నేను జన్మలో చుక్క ముట్టలేదండీ."

కవరులోంచి మూడు ఉత్తరాల జిరాక్సులు తీశాడు. మురుగు పైపు పగిలిందని, మంచినీళ్ళలో కలుస్తుందేమోనని అతను ముందే రాసినవి. మూడింటి మీదా మంత్రిగారి ఆఫీసు ముద్ర ఉంది. ఒకదాని మీద 'చూశాను' అని కార్యదర్శి సంతకం. ఆపరేటరు దాన్ని వేలెత్తి చూపించలేదు. కాగితాలు బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు.

సాయంత్రం కార్యదర్శి మంత్రిగారిని వివరణ ఇమ్మని బతిమాలాడు. ఆయన నవ్వి, మనం అనని మాటని ఎలా వెనక్కి తీసుకుంటామయ్యా అన్నారు. ఆ జవాబూ అతను నేర్పిందే.

మర్నాడు కార్యదర్శి ఆపరేటరు ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు. అతని భార్య తలుపు తీసింది.

"ఆ మాట రాసింది నేనేనమ్మా. మీ ఆయన తాగలేదు. మూడుసార్లు హెచ్చరించారు, నేనే పట్టించుకోలేదు."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. "నాకెందుకు చెప్తున్నారు? టీవీలో చెప్పండి."

"ప్రయత్నిస్తానమ్మా," అన్నాడు.

ఆ 'ప్రయత్నిస్తాను'లో ఏముందో ఆమెకు విడమరచి చెప్పక్కర్లేకపోయింది. తలుపు వేసుకుంది. లోపల భర్తతో, "తప్పైపోయిందండీ," అంటోంది.

వచ్చిన దగ్గర్నుంచీ తాను ఆ ఒక్క మాటా అనలేదని కార్యదర్శికి అప్పుడు తోచింది. మళ్ళీ తలుపు తట్టడానికి చెయ్యి లేవలేదు.