కింది గీతలు తీసేసిన శుక్రవారం

దక్షిణ కొరియాలో మొక్పో ఊరి డయాలసిస్ క్లినిక్‌కు వెబ్ అప్లికేషన్ రాసింది తక్ హేరిమ్. గ్వాంగ్జు ఆఫీసులో ఆమెది ఆరేళ్ల ఉద్యోగం. కోడ్‌లో లోపలి పేర్లన్నిటికీ ముందు ఒక అండర్‌స్కోర్ గీత పెట్టేది. వాటిని బయటినుంచి ముట్టుకోవద్దని ఆ గుర్తు.

శుక్రవారం కొత్త టీమ్ లీడర్ గుక్ దోంగ్మాన్ తెర చూసి మొహం చిట్లించాడు.

“ఏంటీ గీతలు, చీమలబారులా? కొత్త పద్ధతిలో ఇవి లేవు. తీసెయ్.”

“లోపలి పేర్లు సార్. తీసేస్తే బయటి పేర్లతో కలిసిపోతాయి.”

“ఆరేళ్లనుంచీ రాస్తున్నావు, ఆమాత్రం చూసుకోలేవా?”

ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. ఉక్రోషంతో గీతలన్నీ ఒక్కసారే తీసేసింది. పేర్లు కలిసిపోయిన చోటల్లా సరిచేసి ఆదివారం క్లినిక్ సర్వర్‌లోకి ఎక్కించింది. రోగుల బరువుల పేజీ ఒక్కటే తెరిచి చూడలేదు.

సోమవారం ఉదయం ఏడింటికి క్లినిక్ హెడ్ నర్సు ఫ్యో ఫోన్ చేసింది.

“అమ్మాయీ, నీరు తీశాక ఉండాల్సిన బరువులు తెరమీద రావట్లేదు! ఎవరి ఒంట్లోంచి ఎంత నీరు తియ్యాలో నాకెలా తెలుస్తుంది? కాళ్లు వాచి కూర్చున్నారు అందరూ!”

తప్పు వెంటనే దొరికింది. ‘బరువు’ అని అడిగితే, గీత ఉన్న ‘_బరువు’లోంచి అంకె తెచ్చివ్వాలి. ఇప్పుడు గీత లేదు. ‘బరువు’ తనను తానే అడుగుతోంది, ఆగకుండా. హేరిమ్ సరిచేసింది కానీ, క్లినిక్ నడిచే వేళల్లో ఎక్కించాలంటే గుక్ అనుమతి కావాలి. అతను జేజు దీవికి వెళ్లే విమానంలో ఉన్నాడు. పదకొండుసార్లు చేసినా ఫోన్ మోగలేదు.

“ఫ్యో గారూ, కలం తీసుకోండి. అంకెలు డేటాబేస్‌లో కనిపిస్తున్నాయి, చదువుతాను.”

“చదువు, చదువు!”

“కాంగ్ సున్‌ఒక్, యాభై ఒకటి పాయింట్ నాలుగు.”

“ఏ సున్‌ఒక్? ఇద్దరున్నారిక్కడ!”

హేరిమ్ ఆ రోగి పుట్టిన తేదీ వెతికి చెప్పింది. ప్రతి అంకెనూ ఫ్యో తిరిగి అప్పజెప్పింది. జాబితాలో పేర్లు ఏ వరుసలో ఉంటే ఆ వరుసలోనే చదువుకుంటూ పోయింది హేరిమ్. ఇరవై రెండో పేరు, చివరిది, హ్వాంగ్‌బో గిల్.

“హ్వాంగ్‌బో గిల్, అరవై పాయింట్...”

“ఆపమ్మా. ఆయన ఊపిరాడక పడిపోయాడు. అంబులెన్స్ ఎక్కించారు.”

ఎవరి పరిస్థితి ముందు చూడాలో తను అడగనే లేదు. ఆ సంగతి హేరిమ్‌కు అప్పుడు తట్టింది.

విమానం దిగి గుక్ ఫోన్ చేశాడు. “ఎవరు చేశారిది?”

“తీసెయ్యమన్నది మీరు. చూడకుండా ఎక్కించింది నేను. అనుమతి నొక్కండి సార్, నేను మొక్పో వెళ్తున్నాను.”

మొక్పో పెద్దాసుపత్రి వరండాలో హ్వాంగ్‌బో కూతురు కూర్చుని ఉంది. హేరిమ్ గీతల సంగతి చెప్పబోయింది.

“అవన్నీ నాకెందుకు? నాన్నకి తెలివొచ్చాక ఆయనకే చెప్పు. అందాకా కదలకు.”

హేరిమ్ కదల్లేదు. ఆ మర్నాడు మధ్యాహ్నం ముసలాయన కళ్లు తెరిచాడు.

“ఎవరమ్మా నువ్వు?”

హేరిమ్ ఆయన మంచం పక్కన మోకాళ్లమీద కూర్చుని, మొదటినుంచీ చెప్పింది.