పంపుహౌస్ ఎలుగుబంటి

"ఇంకో ఇరవై ఎనిమిది నిమిషాల్లో లేస్తుంది డాక్టరమ్మా," అన్నాడు ఫారెస్టు గార్డు కొలబద్ద, గోడ గడియారం మీంచి చూపు తిప్పకుండా.

లేచేది ఎలుగుబంటి. పశువుల ఆసుపత్రి గది మధ్యలో, నీలం టార్పాలిన్ మీద, నాలుగు కాళ్ళూ బార్లా చాపుకుని పడి ఉంది. కళ్ళకు తడి గుడ్డ కట్టారు. తెల్లవారుజామున బోనులో పడింది, మత్తు బాణం తగిలాక గాని ఇక్కడికి రాలేదు. కిటికీ అవతల ఊళ్ళో సగం మంది ఉన్నారు. చంపారా లేదా అని అడుగుతున్నారు, కూరగాయల ధర అడిగినట్టు.

మొన్న పొద్దున పంపుహౌస్ వెనక గుమ్మంలో ఒక ఆపరేటరు మొహం చీరేసిందది. ఆ ఆపరేటరు డాక్టరమ్మ చెల్లెలి మొగుడు.

"వేరే డాక్టర్ని పిలుస్తానని ముందే చెప్పాను," అన్నాడు రేంజ్ ఆఫీసరు.

"ఆయన వచ్చేసరికి సాయంత్రం అవుతుంది. అప్పటిదాకా దీన్ని మీరు జోకొడతారా?"

ఆఫీసరు నవ్వలేదు. ట్రేలో రెండు సిరంజీలున్నాయి. ఒకటి మత్తు విరిచేది, రెండోది ఊపిరి ఆపేది. ఏది ఎక్కించాలో తేల్చే నిబంధన కాగితం మీద ఉంది. తనంతట తానే మనిషి మీద పడిన జంతువైతే చంపాలి. మనిషే రెచ్చగొట్టాడనో, మనిషే తిండి పెట్టి మరిగించాడనో తేలితే జీవితాంతం సంరక్షణ కేంద్రంలో ఉంచాలి. కింద డాక్టరు సంతకం.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని దాని ముందు పాదం రెండు చేతులా ఎత్తింది. పసిపిల్లంత బరువుంది. అడుగున నల్లటి తోలు పగుళ్ళు తేలి, జీవితమంతా చెప్పుల్లేకుండా నడిచిన ముసలాయన పాదంలా ఉంది. గోళ్ళు మాత్రం ఆమె వేళ్ళంత పొడుగు. కొలబద్ద టేపు పెట్టాడు. దేన్నయినా కొలవందే నమ్మడు కాబట్టే అతనికా పేరు. గోళ్ళకి చిరిగిన ఆపరేటరు రెయిన్‌కోటు పక్కన పరిచాడు.

"వెంట్రుకవాసి తేడా లేదు. ఇదే."

"ఇదే," అంది ఆమె.

"అయితే ఇంక ఆలస్యమెందుకు?" అన్నాడు ఆఫీసరు. గొంతులో కసి లేదు, అలసట ఉంది. "నాకు సరదా కాదమ్మా. రేపు ఇది ఇంకొకడి మీద పడితే వాడి పెళ్ళాంపిల్లలకి నేనేం చెప్పాలి?"

ఆమె స్టెతస్కోపు తీసి దాని పక్కటెముకల మీద ఆనించింది. ఆవుల గుండెలు విన్నది, గుర్రాల గుండెలు విన్నది. ఇది వేరు. ఒక దెబ్బ కొట్టి ఆగింది. ఎంతసేపు ఆగిందంటే, అయిపోయిందేమో అనుకుంది. అప్పుడు రెండో దెబ్బ. పెద్ద ఖాళీ గోదాములో ఎవరో ఒక్కరే నడుస్తున్నట్టుంది. ఇంత పెద్ద ప్రాణం తన అరచేతి కింద, తన మాట కోసం ఆగి ఉంది.

ఊపిరి గొట్టం సర్దడానికి దాని నోరు తెరిచింది. తెరిచిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"కొలబద్దా, లైటు ఇటు."

దవడ పళ్ళు సగం పుచ్చిపోయాయి. నల్లటి గుంటలు. వయసు చూస్తే పదేళ్ళు దాటలేదు.

"చాక్లెట్లు తినే పిల్లల పళ్ళిలా ఉంటాయి," అంది. "ఒక తేనెపట్టుతో ఇంత పుచ్చవు. ఏళ్ళ తరబడి ఎవరో తీపి పెడుతున్నారు సార్ దీనికి."

కొలబద్ద తల గోక్కున్నాడు. "నేను ఇంకోటి చెప్పాలి. కొండ మీంచి పంపుహౌస్ వెనక గుమ్మం దాకా ఒక కాలిబాట ఉంది. మనుషుల బాట అనుకున్నాను. కొలిస్తే ఎలుగు అడుగులు. గడ్డి మొలవనంతగా అరిగిపోయింది. గుమ్మం దగ్గరే ఆగిపోతుంది, ఊళ్ళోకి ఒక్క అడుగు లేదు."

అప్పుడే ఎనిమిదింటి హారన్ మోగింది. రోజూ కాలువలోకి నీళ్ళు వదిలే ముందు పంపుహౌస్‌లో డ్యూటీ మనిషి కొట్టే హారన్. కొట్టి, వెనక గుమ్మం తీసుకుని తూము చక్రం తిప్పడానికి వెళ్ళాలి, అది అక్కడి పద్ధతి.

టార్పాలిన్ మీద ఎలుగు చెవులు రెండూ నిక్కాయి.

ఒళ్ళింకా మత్తులోనే ఉంది, కాళ్ళు చలనం లేకుండా ఉన్నాయి. కానీ గుడ్డ కట్టిన ఆ తల హారన్ వైపు బెత్తెడు తిరిగింది. పెదవుల అంచున చొంగ ఊరి, దారంలా సాగి నేల మీద పడింది. పొడుగాటి నాలుక మెల్లగా బయటికొచ్చి గాలిని నాకింది, ఒకసారి, ఇంకోసారి.

"అమ్మ బాబోయ్," అన్నాడు ఆఫీసరు నెమ్మదిగా, గుడిలో మాట్లాడినట్టు.

ఆమె ఫోను మోగింది. ఆసుపత్రి నుంచి చెల్లెలు. చేతులకి గ్లవుజులు, కొలబద్ద స్పీకరు నొక్కాడు.

"చచ్చిందా అక్కా?"

"ముందు ఆయనెలా ఉన్నాడు?"

"ఒక కన్ను పోయిందన్నారు. దవడకి తీగలు కట్టారు. మాట్లాడలేడు, రాసి చూపిస్తున్నాడు. ఏం రాశాడో తెలుసా? 'హారన్ కొట్టి తలుపు తీశాను. అది గుమ్మం ముందు కూర్చుని ఉంది. నా చేతుల వంక చూసింది. భయమేసి పానాతో మూతి మీద కొట్టాను.' కూర్చుని ఉందట అక్కా, చుట్టంలాగ. మత్తులో ఏదో రాస్తున్నాడు పాపం. నువ్వు మాత్రం దాన్ని వదలకు. వదిలావో, నాకు అక్క లేదనుకుంటా."

"ఫోను పెట్టెయ్యకు," అంది డాక్టరమ్మ.

ఆఫీసరు కాగితం ముందుకు లాక్కున్నాడు. "ఎవరో మరిగించారు, ఒప్పుకుంటాను. కానీ ఎవరో అంటే కుదరదు. మరిగించింది ఎవరన్న గడిలో మనిషి పేరు రాయాలి. మనిషి లేకపోతే తప్పు జంతువుదే. నిమిషాలు అయిపోతున్నాయి."

ఆమె లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. జనానికి దూరంగా, వరండా బెంచీ మీద నాన్న కూర్చున్నాడు, కంటికి ఆకుపచ్చ గుడ్డతో. పంపుహౌస్‌లో పదకొండేళ్ళుగా పొద్దుటి డ్యూటీ ఆయనదే. శుక్లం ఆపరేషనుకి సెలవు పెడితే, బదులుగా అల్లుడు వెళ్ళాడు. మొన్నటి నుంచి ఆయన ఒక్క ముద్ద తినలేదు. అల్లుడి బెంగ అనుకున్నారు అందరూ.

షుగరున్న మనిషికి వారానికి రెండు డజన్ల తీపి బన్నులెందుకని ఆమె ఎన్నిసార్లు పోట్లాడిందో. తోటివాళ్ళకి తీసుకెళ్తానే అనేవాడు. తిడుతూనే తనే కొని తెచ్చేది. ఆ డ్యూటీలో ఉండేది ఒక్కడేనని ఒక్కనాడైనా తట్టలేదు. దెబ్బ తగిలిన పిల్లులకి కట్లు కట్టడం చిన్నప్పుడు ఆమెకి నేర్పిన చేతులు అవి.

రాస్తే ఆయన మీద కేసు. చెల్లెలు పుట్టింటి గడప మళ్ళీ తొక్కదు.

"నాన్నా," అని పిలిచింది కిటికీలోంచి. "లోపలికి వచ్చి ఏమైనా చెప్తావా?"

ఆయన తలెత్తి, గుడ్డ లేని కంటితో ఆమెని చూశాడు. పెదవులు కదిలాయి. మాట రాలేదు. తర్వాత తన చెప్పుల వంక చూసుకుంటూ ఉండిపోయాడు.

"ఆరు నిమిషాలు," అన్నాడు కొలబద్ద.

వెనక ఎలుగు పెద్దగా ఊపిరి వదిలింది. ఆ వెచ్చదనం ఆమె మడమలకి తగిలింది.

"ఏంటక్కా, ఎవరితో మాట్లాడుతున్నావు? నాన్న ఉన్నాడా అక్కడ?" అంది ఫోనులో చెల్లెలు.

ఆఫీసరు పెన్ను పట్టుకుని ఎదురు చూస్తున్నాడు. ఆమె ఫోను దగ్గరికి వంగింది. ఆఫీసరుకీ, చెల్లెలికీ, కిటికీ అవతలి జనానికీ ఒకేసారి వినబడేంత గట్టిగా చెప్పింది.

"దానికి తీపి మరిగించింది మా నాన్న."