మహ్కమ్ ఉస్తా వోల్గాకు సీలు

శత్రువు తనంతట తానే గుమ్మంలోకి రావడం అందరికీ దొరికే అదృష్టం కాదు. హాసియత్‌కు ఆ సోమవారం దొరికింది. మర్గిలాన్ ఊళ్లో మెకానిక్కులందరూ ఉస్తా, అంటే గురువు, అని లేచి నిలబడే ముసలి మహ్కమ్, నూనె కార్చుకుంటున్న తన పాత తెల్ల వోల్గా కారును తెచ్చి ఆమె మెకానిక్ షెడ్డు ముందు ఆపాడు.

"చెల్లెమ్మా, క్రాంక్ షాఫ్ట్ వెనకాల సీలు పోయింది. శుక్రవారం హజ్‌కి బయల్దేరుతున్నా. మావాళ్లంతా కార్లేసుకుని తాష్కెంట్ దాకా సాగనంపుతారు. కమ్చిక్ కనుమ ఎక్కాలి మరి."

"ఊరినిండా మెకానిక్కులే కదా ఉస్తా. నా కొంపకే దారి దొరికిందా?"

"ఇప్పటివాళ్లకి రబ్బరు సీలు తప్ప తెలీదు. తాడు సీలు కొట్టే చెయ్యి ఈ ఊళ్లో నాదొకటి, మీ ఆయనదొకటి. నాదేమో వణుకుతోంది. ఆయన నీకు నేర్పాడుగా."

మీ ఆయన! ఆ మాట అనడానికి ఈ ముసలాడికి నోరెలా వచ్చిందో! తొమ్మిదేళ్ల కిందట ఆమె భర్త యోల్చి ఒక పెళ్లికారుకు ఇదే సీలు వేశాడు. కమ్చిక్ ఎక్కుతుంటే నూనె అంతా కారిపోయి ఇంజను పట్టేసింది. పెళ్లికూతురు మంచులో, రోడ్డు మీద నిలబడింది. "నూనెలో నానబెట్టని తాడు కొట్టాడు, దొంగపని" అని టీ కొట్టులో రెండొందల మంది ముందు తీర్పు చెప్పింది ఈ మహ్కమే. ఆ తర్వాత యోల్చి చేతికి ఎవరూ కారు తాళం ఇవ్వలేదు. రెండేళ్లు దిగులుపడి దిగులుపడి చనిపోయాడు.

"పెట్టి వెళ్లు, చేస్తాను" అంది హాసియత్. కమ్చిక్ అన్నప్పుడే ఏం చెయ్యాలో ఆమె నిశ్చయించుకుంది.

ఇంజను దించి, క్రాంక్ షాఫ్ట్ బయటికి తీసేసరికి బుధవారమైంది. మహ్కమ్ వచ్చి ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. ఆమె నానిన తాడును గాడిలో పరిచి, గుండ్రటి కర్రతో అదిమి, సుత్తితో కొట్టుకుంటూ పోయింది. పని తెలిసినవాళ్లు తాడు కొసలు అర గోరు మందం పైకి ఉండేలా కోస్తారు. బోల్టులు బిగిస్తే షాఫ్టుకు పైన సగం, కింద సగంగా ఉండే తాడు కొసలు ఒకదాన్నొకటి అదుముకుని, చుక్క కూడా బయటికి రాదు. హాసియత్ బ్లేడు తీసుకుని కొసలను గాడికి సమంగా కోసేసింది. చదును రోడ్డు మీద ఏమీ తెలియదు. కనుమ ఎక్కి ఇంజను కాగాక తెలుస్తుంది. హాజీ గారు, వెనక చుట్టపక్కాలు, నడిరోడ్డు, నూనె మడుగు! తలుచుకుంటే ఆమె కడుపు చల్లబడింది.

"అలాగే బిగించెయ్ చెల్లెమ్మా" అన్నాడు మహ్కమ్.

ఆమె చెయ్యి ఆగింది. ముసలాడు కోసిన కొసలనే చూస్తున్నాడు.

"ఆ రోజు యోల్చి శుక్రవారం నమాజుకి వెళ్లాడు. ఇంజను కింద నూనె తొట్టి ఇంకా బిగించలేదు. నేను దూరి, సీలు కిందిసగం విప్పి, నువ్విప్పుడు కోసినట్టే కోశాను. అందరూ వాడి దగ్గరికే పోతుంటే ఓర్వలేకపోయా. ఇప్పుడు నువ్వూ కోశావు. చెల్లుకి చెల్లు. ఇక రాజీ అయ్యానని, క్షమించానని ఒక్క మాట అనెయ్."

హజ్‌కు వెళ్లేవాడు తాను అన్యాయం చేసినవాళ్ల గుమ్మాలన్నీ తిరిగి, ఆ మాట అనిపించుకోవాలి. లేకపోతే అంత దూరం వెళ్లినా వెళ్లనట్టే. వీడు కారు బాగుచేయించుకోవడానికి రాలేదు, ఆ మాట కొనుక్కోవడానికి వచ్చాడు.

హాసియత్ ఆ తాడును పీకి అతని కాళ్ల మీదికి విసిరికొట్టింది. "కాస్త నూనె కారితే సరిపోతుందా? నా మొగుడి ప్రాణం అంత చవకా?"

ఆమె కొత్త తాడు తీసుకుంది. కసి అంతా సుత్తిలోకి దించి కొట్టింది. ఈసారి కొసలు అర గోరు మందం పైకే ఉంచింది. సాయంత్రానికి అన్నీ బిగించి, కారు కింద తెల్ల గుడ్డ పరిచి, గంటసేపు ఇంజను తిప్పింది. గుడ్డ మీద మచ్చ పడలేదు.

"ఇది యోల్చి పని. కళ్లారా చూసుకో" అంది. "రేపు పొద్దున మీ ఇంట్లో హజ్ వీడ్కోలు పులావు విందు ఉందిగా. నాకు చెప్పింది అక్కడ చెప్పు. తర్వాత మాట్లాడదాం."

"నా కొడుకులు తలెత్తుకోలేరు తల్లీ!"

"మా ఆయన ఎత్తుకున్నాడా?"

మర్నాడు పొద్దెక్కకముందే రొట్టెలమ్మే సలోమత్ ఆయాసపడుతూ వచ్చింది. "చెప్పేశాడే హాసియత్! పులావు పళ్లేల ముందు లేచి నిలబడి, ఇంజను కింద దూరడం దగ్గర్నుంచి అంతా చెప్పేశాడట. మా ఆయన ముద్ద నోట్లో పెట్టుకోవడం మర్చిపోయాడట. వాళ్ల పెద్దోడు తండ్రి మొహం చూడకుండా వెళ్లిపోయాడట!"

హాసియత్ అక్కడే కూలబడి ఏడ్చింది. తొమ్మిదేళ్లుగా ఉన్న మచ్చ పోయింది. యోల్చి దొంగపని చేయలేదని ఊరికి తెలిసింది.

కాసేపటికి మహ్కమ్ నడుచుకుంటూ వచ్చాడు, ఒంటరిగా. ఒక్క పూటలో నడుం ఒంగిపోయినట్టుంది.

"చెప్పాను చెల్లెమ్మా. ఇక అను."

అనాలనే ఆమె నోరు తెరిచింది. కానీ పరువు పోగొట్టుకుని నిలబడ్డ మనిషిని చూస్తే జాలి వేయలేదు, సంతోషమే వేసింది. ఆ సంతోషం పెట్టుకుని ఆ మాట అంటే అబద్ధమవుతుంది.

"ఆ మాట అనాల్సింది నేను కాదు ఉస్తా, మా ఆయన. ఖబరస్తాన్‌లో మూడో వరసలో ఉన్నాడు. వెళ్లి ఆయన్నడుగు. మెత్తటి మనిషి, బతికుండగా అడిగుంటే ఆ రోజే అనేసేవాడు."

కారు తాళాలు అతని చేతిలో పెట్టి తలుపు వేసుకుంది.