మంచు హాల్లో చచ్చిన బ్యాటరీలు

మిషన్ ఇరవై నిమిషాలు నడిస్తే నాకు ఇక్కడే డ్యూటీ. లేదంటే రేపు మళ్లీ ఇబ్రి ఎడారి సైట్. పోయిన జూన్‌లో అక్కడ ఎండకు పడిపోయి మూడు రోజులు ఆస్పత్రిలో ఉన్నాను. ఆ పేరు వింటేనే నా నాలుక పిడచకట్టుకుపోతుంది.

ఇది ఒమన్‌లోని అల్ అమెరాత్‌లో కొత్త మాల్. అందులో పిల్లలు ఆడుకోవడానికి మంచు హాలు కట్టారు. లోపల మైనస్ ఎనిమిది. బాటలో పేరుకున్న మంచును ఎత్తి పక్కకు చిమ్మే బ్యాటరీ మిషన్, చలికి ఒక జాకెట్ నాకు అప్పగించారు. బ్యాటరీలు రెండు. వేడికి ఫోన్లు ఉబ్బడం, కారు బ్యాటరీలు రెండేళ్లకే చావడం ఒమన్‌లో ఎవరికి తెలియదు? అందుకే నిన్న సాయంత్రం ఫుల్ ఛార్జింగ్ చేసి, చల్లగా ఉంటాయని మంచు హాల్లోనే ఓ మూల పెట్టి పోయాను. ఆ తెలివికి నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

పొద్దున సూపర్‌వైజర్ జహీరుద్దీన్ గడియారం చూస్తూ నిలబడ్డాడు. మిషన్ మీద ఛార్జింగ్ చూపే నాలుగు లైట్లు. రెండు నిమిషాలకు రెండే మిగిలాయి. ఐదో నిమిషంలో ఆగిపోయింది. రెండో బ్యాటరీ మూడు నిమిషాలు కూడా రాలేదు.

చేపల కోల్డ్ స్టోరేజ్‌లో పని చేసొచ్చిన, ఇప్పుడు ఇదే హాల్లో పనిచేసే నా రూమ్మేట్ పెద్దులు దగ్గరికొచ్చాడు. "రాత్రి యాడ పెట్టినవ్‌రా?"

"గీడనే. సల్లగుంటయని."

"నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది! సలికి బ్యాటరీ బిగుసుకపోతది. సావలేదు తియ్, వేడి తాకితే లేస్తది."

"అర్ధగంట ఇయ్యుండ్రి సాబ్!" అంటూ బ్యాటరీలు పట్టుకుని వెనక గేటు బయటికి పరిగెత్తాను. బయట నలభై ఆరు డిగ్రీలు. ఏ ఎండకు భయపడి పారిపోయి వచ్చానో అదే ఎండలో, వాటిని పొట్టకు అదుముకుని గోడవారన కూర్చున్నాను. తాకి చూస్తాను, లేస్తాను, మళ్లీ కూర్చుంటాను.

లోపలికొచ్చి ఒకటి మిషన్‌కు పెట్టాను, రెండోది జాకెట్ లోపలే ఉంచాను. ఒకటి పదకొండు నిమిషాలు నడిచింది, రెండోది పది. గెలిచాను!

కరీంనగర్‌వాడైన జహీరుద్దీన్ నా భుజం తట్టాడు. "శెభాష్ గణపతీ! బ్యాటరీలు ఇంక లోపల ఉంచొద్దు. బయటనే ఛార్జింగ్ చేసి, గరంగరం తెచ్చి ఇయ్యాలె. గా పని నీకే తెల్సు. రేపట్నుంచి నీ డ్యూటీ వెనక గేటు బయట. మిషన్ పెద్దులు నడుపుతడు."

ఇబ్రి తప్పినందుకు నవ్వాలో, ఏడవాలో తెలియలేదు.

పెద్దులు నా మొహం చూడలేక తల దించుకున్నాడు. "జాకెట్ ఇయ్యిరా" అన్నాడు.