ఇంజను మూతకి పసుపు రంగు

ఇంజను మీది ప్లాస్టిక్ మూతకి పసుపు రంగు వేస్తున్నానని తెలిసి ముక్తేశ్వరంలో మా వీధంతా నవ్వింది. బానెట్ దించేస్తే ఎవరికి కనబడుతుందని వాళ్ల బాధ. చీర కింద లంగాకి లేసు కుట్టించుకునేవాళ్లు కూడా అదే అడిగారు. నేనెవరికీ సంజాయిషీ చెప్పలేదు.

కువైట్‌లో ఏళ్ల తరబడి ఒకరింట్లో పనిచేశాను. వంట, పిల్లలు, శుక్రవారమొస్తే కార్లు కడగడం. ఆ ఇంటి పెద్దబ్బాయి కారు బానెట్ ఎత్తితే లోపలి ప్లాస్టిక్ సామానంతా ఎర్రగా పెళ్లిపందిరిలా ఉండేది. గుడ్డతో తుడుస్తూ అనుకునేదాన్ని, నాకంటూ ఒక కారుంటే దాని కడుపులో కూడా రంగుండాలని. తిరిగొచ్చాక నా సంపాదనతో, నా పేరు మీద పాత కారు కొన్నాను. టాక్సీ చేయించి, పురుళ్లకీ పరీక్షలకీ ఆడవాళ్లని అమలాపురం తిప్పుతున్నాను. మస్కట్‌లో ఉన్న మా ఆయన నాగసతీష్‌కి అభ్యంతరం లేదు. అభ్యంతరమంతా మా బావగారు కుమారస్వామిగారిది. ఇంటి కోడలు స్టీరింగ్ పట్టుకుని కిరాయిలకి తిరగడం ఆయనకి తలవంపులట.

ఆ మాట ఆయన నాతో అనలేదు. మా ఇళ్లలో తమ్ముడి భార్య బావగారితో సూటిగా మాట్లాడదు. ఆయన అరుగు మీద కూర్చుని వాళ్లమ్మతో అంటారు. నేను తలుపు వెనక నిలబడి మా అత్తగారితో అంటాను. ఎవరి మాట వారికి వినబడుతూనే ఉంటుంది, అయినా మధ్యలో ఆ ముసలావిడ ఇద్దరి మాటలూ మోస్తుంది.

ఆ ఆదివారం మూత ఊడదీసి, గిన్నెల సబ్బుతో కడిగి, గరుకు కాగితంతో పైపైన రుద్ది ఆరబెట్టాను. స్ప్రే డబ్బా బాగా ఊపి మొదటి పూత పలచగా కొట్టాను. చూస్తుండగానే రంగు గుండ్రాలు గుండ్రాలుగా విడిపోయి, అడుగునున్న నలుపు బయటపడింది. వేలితో రాస్తే చర్మంలా ఊడొచ్చింది. వాసన చూశాను. కొబ్బరినూనె!

మా కోనసీమలో తలకీ, తలుపు బందులకీ, కుట్టుమిషనుకీ, పసిపిల్లల ఒంటికీ అన్నిటికీ అదే. కానీ నా కారుకి నేను రాయలేదు.

"అత్తయ్యగారూ, దీనికి నూనె ఎవరు రాసేరండీ?"

"నేనేనమ్మా దుర్గా," అంది ఆవిడ కొంగు సర్దుకుంటూ. "పెద్దాడు రాయమన్నాడు. నల్లగా మెరిస్తే ఫోటోలు బాగా వస్తాయంట."

"ఫోటోలెందుకండీ?"

ఆవిడ నా మొహం చూడలేదు. "ఉప్పలగుప్తం నుంచి రొయ్యల చెరువులాయనెవరో బేరానికి వస్తారంటమ్మా. నీకు తెలుసనుకున్నాను. దుర్గ సంతకం పెట్టేస్తాదని చెప్పేడు మరి."

నాకు ఒళ్లు మండిపోయింది. ఏడుపు కూడా వచ్చింది, దాచుకోవడం దేనికి? నా కారుని నాకే చెప్పకుండా పెళ్లిచూపులకి ముస్తాబు చేశారు.

"నల్లగానే ఉంచెయ్యమ్మా, గొడవెందుకు?" అంది అత్తగారు.

గొడవ కావాలనే ఉంది నాకు. ఆ పాడైన పూతంతా గీకేశాను. స్పిరిట్‌తో తుడిచి, వేణ్ణీళ్లతో కడిగి, సందుల్లోని నూనె పాత టూత్‌బ్రష్‌తో తోమాను. మళ్లీ రుద్దాను. ప్లాస్టిక్‌కి పట్టే ప్రైమర్ వేసి, అది ఆరాక పసుపు రంగు అందుకున్నాను. కోపంలో చెయ్యి బరువుగా పడుతుంది, దట్టంగా కొడితే రంగు కారిపోతుంది. అందుకని కోపాన్ని పంటి బిగువున పట్టి పలచగా కొట్టాను, ఆరనిచ్చాను, మళ్లీ కొట్టాను. మూత ఒక్కదానికే అనుకున్నదాన్ని ఎయిర్ ఫిల్టర్ డబ్బాకీ, ఫ్యూజుల డబ్బా మూతకీ కూడా వేశాను. పైన మెరుపు పూత పడ్డాక వసారా అంతా బంతిపూలు పోసినట్టుంది. అన్నీ ఆరాక ఎక్కడివక్కడ బిగించేశాను.

మర్నాడు ఆ రొయ్యల చెరువులాయన, సత్యదుర్గారావుగారు, బేరానికి వచ్చారు. మా బావగారు దర్జాగా బానెట్ ఎత్తారు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

"ఇదేంటండీ, లోపల కొత్త రంగులేసేరు?" అన్నారు ఆ పెద్దమనిషి అనుమానంగా వంగి చూస్తూ. "బండికేమన్నా యాక్సిడెంట్ అయ్యిందాండీ?"

పాత బండి కొనేవాడికి ఇంజను దగ్గర కొత్త రంగు కనబడితే ముందు ఆ అనుమానమే వస్తుంది.

"అబ్బే, అలాంటిదేం లేదండి. ఇంట్లో ఆడాళ్లు సరదా పడ్డారండి. రేపటికల్లా నల్లగా చేయించేస్తానండి." మా బావగారు గుమ్మం వైపు తిరిగి గొంతు పెంచారు. "అమ్మా! రేపటికి ఆ పసుపంతా తీసేసి సంతకం పెట్టమని చెప్పు మీ కోడలికి!"

తలుపుకి ఇవతల నేను, అవతల ఆయన, గుమ్మంలో మా అత్తగారు. ఆవిడ ఒకసారి నన్ను చూసింది, ఒకసారి కొడుకుని చూసింది.

"నేను చెప్పను నాయనా," అంది. "నూనె రాసిన పాపం చాలు నాకు."

ఆవిడ పక్కకి జరిగింది. నేను గుమ్మం దాటాను. అరుగు దిగి కారు ముందుకెళ్లి నిలబడ్డాను. గోళ్ల నిండా పసుపు రంగు. మాట గట్టిగానే వచ్చింది.

"యాక్సిడెంటేం కాలేదండి సత్యదుర్గారావుగారూ. రంగు నేనే వేసేను. బండి నాదండి, అమ్మను. మీకు అనవసరంగా శ్రమ కలిగింది. కాఫీ తాగి వెళ్లండి."

ఆయన నన్నూ, ఇంజనునీ, మా బావగారినీ మార్చి మార్చి చూశారు. "ఆవిడగారి బండైతే ముందే చెప్పాలి కదండీ," అని మా బావగారితో అనేసి, కాఫీకి ఆగకుండానే వెళ్లిపోయారు.

మా బావగారి మొహం కందగడ్డ అయిపోయింది. అలవాటు కొద్దీ వాళ్లమ్మ వైపు చూశారు. ఆవిడ తమలపాకుకి సున్నం రాసుకుంటోంది. అప్పుడిక గత్యంతరం లేక నా వైపు తిరిగారు.

"నువ్వు మాటాడేది నాతోనేనా?"

"ఆయ్. మీతోనేనండి."