ముద్దలు కట్టిన బువ్వ

భూలక్ష్మి మాపుకర్రను ఎడమచేత్తో పట్టుకుని, కొసను కుడి చంకలో ఇరికించి, ఒళ్ళంతా మెలితిప్పి గుడ్డను పిండింది. మాదాపూర్‌లో కొత్తగా లేచిన ఆ అద్దాల భవనంలో అందరూ ఆమెను ఎడమచేతి భూలక్ష్మి అంటారు. అలా అంటే ఆమెకు ప్రాణం హాయిగా ఉంటుంది. పుట్టుకతోనే ఎడమచేతివాటం అనుకుంటే కుడిచేతి సంగతి ఎవరూ అడగరు.

పందొమ్మిదో ఏట, పాలమూరు దగ్గర ఊళ్ళో, నాటు వేస్తూ వేస్తూ మడిలోనే ఒరిగిపోయింది. మూతి వంకరపోయింది, కుడిపక్క చచ్చుబడింది. ఎనిమిది నెలలకు నడక వచ్చింది, మూతి సర్దుకుంది. కుడిచేతి వేళ్ళు మాత్రం పూర్తిగా రాలేదు. రోజుకో గోలీ మానకుండా వేసుకోమన్నాడు డాక్టరు. నూరు అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు; ఆమె తల్లికి ఒక్కటే సరిపోయింది. "అత్తగారింట్ల ఆ ముచ్చట ఎత్తకు బిడ్డా" అంది. ఎవరైనా చూస్తారని పెళ్ళయ్యాక గోలీ కూడా మానేసింది. ఇప్పుడు కడుపుతో ఉంది, ఏడో నెల.

మధ్యాహ్నం మెట్ల కింద కూర్చుని డబ్బా తెరిచింది. అన్నంలో పప్పు కలిపి, నిమ్మకాయంత ముద్దలుగా ఒత్తి పంపుతుంది అత్త సాయమ్మ. తోటి పనిమనిషి ఎల్లమ్మ నవ్వింది.

"ఏందే, మీ అత్త నిన్నింక పాలు మరువని పోరి అనుకుంటున్నదా?"

"ఆమెకు గట్లనే అలవాటు."

ముద్దలైతే కుడిచేతికి అందుతాయి, మెతుకులు జారవు. అన్నం దగ్గర ఎడమచెయ్యి పెడితే ఊరుకునేదెవరు? ఈ అలవాటు అత్తకు ఏ దేవుడు నేర్పాడో అనుకునేది. మూడు రోజులుగా తలపోటు. ఒక్క ముద్ద తిని మూత పెట్టేసింది.

తలపోటు సంగతి తెలిసి హఫీజ్‌పేట్ ఇంటి నుంచి సాయమ్మ వచ్చి ఆమెను దవాఖానకు తీసుకుపోయింది. నర్సు విమల బీపీ చూసి ముఖం చిట్లించింది.

"ఎక్కువుందమ్మా. తలనొప్పిగానీ ఉందా? ఇదివరకు పెద్ద జబ్బేమైనా చేసిందా? దాచకమ్మా."

భూలక్ష్మి అత్త వైపు చూసింది. సాయమ్మ నేల వైపు చూసింది. చెబితే మొగుడు యాదయ్య పుట్టింటికి తోలేస్తాడేమో. చెప్పకపోతే ఏమవుతుందో ఆమెకు తెలియదు.

"ఏం లేదు సిస్టర్."

విమల గోలీలిచ్చి, పని మానేసి పడుకోమంది. రేపు పొద్దున్నే పెద్దాసుపత్రికి వెళ్ళి తీరాలని చీటీ రాసిచ్చింది. కానీ మూడో అంతస్తు సగమే తుడిచి ఉంది.

"జర తుడిచి వస్త, నువ్వు పో అత్తమ్మా."

నాలుగింటికి బకెట్ పక్కన నిద్రొచ్చినట్టు గోడకు ఒరిగింది. ఈసారి మూతి సర్దుకోలేదు. ఆసుపత్రికి చేర్చేసరికి తల్లీ లేదు, కడుపులో బిడ్డా లేదు.

కూతురి శవం మీద పడి ఏడుస్తూ కన్నతల్లి దాచిందంతా బయటపెట్టింది. ఎల్లమ్మ నోట ఆ సంగతి విని, మూడో రోజు విమల హఫీజ్‌పేట్ వచ్చింది.

"ఒక్క మాట అనుంటే ఆ రోజే ఆసుపత్రిలో చేర్పించేవాళ్ళమండి. పక్షవాతం వచ్చినవాళ్ళు కూడా డాక్టర్ల కంటి ముందుండి బిడ్డల్ని కంటున్నారు."

"నాకెరుకే సిస్టరమ్మా," అంది సాయమ్మ. "పెండ్లి బువ్వ కాడనే చూసిన. మా తమ్మునికి గూడ పక్షవాతమొస్తే గట్లనే తినేటోడు. పిల్ల దాసుకుంటుంటే నేనెందుకు సిగ్గుదియ్యాలె అని ఊకున్న. బువ్వ ముద్దలు గట్టిచ్చిన. ఆ దినం నీ ముంగట గూడ... పిల్లే చెప్తదేమోనని చూసిన."

ఎల్లమ్మ తెచ్చిపెట్టిన డబ్బా, ఎవరూ మూత తియ్యకుండా, గడప పక్కనే ఉంది. లోపల పులిసిపోయిన ముద్దల మీద సాయమ్మ వేళ్ళ గుర్తులు అలాగే ఉన్నాయి.