పైపేటలో రెండు రోజులు

కిర్గిజ్ దేశంలో నారిన్ కొండల నుంచి రాజధాని బిష్కెక్‌కు దిగేవాళ్ళకు బస ఎక్కడన్న ప్రశ్నే ఉండదు. చుట్టం ఏ పేటలో ఉంటే అదే మన పేట. ఉల్కాన్ కూడా బండి దిగితే నేరుగా అక్క జూరా ఇంటికే వెళ్ళేది. నగరం చివర, ఎప్పుడూ కాలుతుండే చెత్తదిబ్బ పక్కన, మట్టి ఇటుకల ఇల్లు. గాలి ఇటు తిరిగిందంటే తినే రొట్టె కూడా పొగవాసనే. ఆ ఇంట్లోనే ఉల్కాన్ కూతురు సాల్కిన్ నాలుగేళ్ళుండి నర్సు చదువు చదివింది. తల దువ్వింది పెద్దమ్మే, తిట్టింది పెద్దమ్మే, జ్వరమొస్తే పక్కన కూర్చుంది పెద్దమ్మే.

అలాంటిది, పిల్లకు కమ్మలు పెట్టి ఖాయం చేసుకోవడానికి వస్తామని మగపెళ్ళివారు కబురంపేసరికి ఉల్కాన్ బుద్ధి గడ్డి తిన్నది. వాళ్ళు కొండవైపు పేటవాళ్ళు. చెట్ల నీడ, కాలువల్లో మంచు కరిగిన నీళ్ళు. ఈ పొగలో కూర్చోబెడితే రేపు నా కూతుర్ని చెత్తదిబ్బ పిల్ల అనరూ, అనుకుంది. వాళ్ళుండే ఆ పైపేటలోనే రెండు రోజులకు ఒక ఫ్లాటు అద్దెకు తీసుకుంది. అక్కకు చెప్పలేదు. పెద్దమ్మ లేకుండా కమ్మలు పెట్టించుకోనని సాల్కిన్ మొండికేసింది. తంతు కాగానే విందు మాంసంలో పెద్దమ్మ వాటా పట్టుకుని మనమే వెళ్దాం, అక్కది పెద్ద మనసు, ఏమీ అనుకోదు, అని తల్లి నోరు మూయించింది. మెత్తనివాళ్ళను చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా?

కాబోయే అత్తగారు కలీపా మరో ఇద్దరు ఆడవాళ్ళతో వచ్చింది. టీ గిన్నెల కోసం ఉల్కాన్ మూడు అలమరలు తెరిచింది. ఒకదాంట్లో ఎవరివో చెప్పులు. వచ్చినవాళ్ళు మర్యాదస్తులు, కిటికీలోంచి బయటికి చూశారు. కమ్మలు పెట్టారు, తలకు తెల్లటి రుమాలు కట్టారు. అంతా అయ్యాక కలీపా సంచీలోంచి ముఖమల్ అంగీ తీసింది.

"వదినగారూ, ఇది పిల్లను పెంచిన పెద్దమ్మకు. మావాడికి ఆవిడ ఇల్లంటే ప్రాణం. ఏరీ, కనబడరే?"

అంటే వాళ్ళకు అంతా ముందే తెలుసన్నమాట. అప్పుడైనా నిజం చెప్పేస్తే పోయేది. ఉల్కాన్ నాలుక మాత్రం తన దారి తను చూసుకుంది.

"ఒంట్లో బాగాలేదు. మంచం పట్టింది."

"ఆవిడ మంచంలో ఉంటే మనం ఇక్కడ మాంసం తింటూ కూర్చుంటామా? లేవండి, చూసొద్దాం."

దారి బాగుండదంది ఉల్కాన్, పొగంది, దూరమంది. రోగిని చూడబోయేవాళ్ళను ఆపిన పాపం ఎవరికి కావాలి? కారులో ఫోన్ చేద్దామంటే కలీపా పక్కనే కూర్చుని చేయి వదల్లేదు.

వాళ్ళు వెళ్ళేసరికి జూరా మోచేతుల దాకా బురదతో గోడ మెత్తుతోంది. ఇవాళో రేపో వియ్యాలవారు కమ్మలతో తన ఇంటికే వస్తారని వారం నుంచి అదే పని. కలీపా గుమ్మంలోనే ఆగిపోయింది.

"మంచంలో ఉన్నారన్నారే?"

జూరా పిల్ల చెవుల వంక ఒకసారి చూసింది. చెల్లెలి వంక ఒకసారి చూసింది. బురద చేయి నడుముకు ఆనించుకుంది.

"ఉన్నానమ్మా. పడుకోలేక ఇప్పుడే లేచాను. ఈ నడుం చూడు, మాట వినదు."

ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఆవిడ మీద రెండు బొంతలు కప్పారు. చెమటలు కారుతుండగా మంచం మీంచే ముఖమల్ అంగీ అందుకుంది, మంచం మీంచే పిల్లను దీవించింది. చాలాసేపు కూర్చుని వాళ్ళు వెళ్ళిపోయారు.

"అక్కా, లే. వెళ్ళిపోయారు."

జూరా లేవలేదు. గోడవైపు తిరిగింది.

"పడుకోబెట్టింది నువ్వేగా."

"పిల్ల కోసమే చేశానక్కా."

"నేనూ పిల్ల కోసమే పడుకున్నాను. నీ కోసం కాదు."

ఈ పూట ఇక్కడే ఉంటానంది ఉల్కాన్, కళ్ళొత్తుకుంటూ.

"జబ్బుమనిషి ఇంట్లో నీకెందుకే ఇబ్బంది? నీ పేటకు నువ్వు వెళ్ళు."

సాల్కిన్ కమ్మలతోనే వాకిట్లో కూర్చుని, పెద్దమ్మ వదిలేసిన గోడ మెత్తుతోంది. తల ఎత్తలేదు. గడప దాటేవాళ్ళ నోట రొట్టె ముక్క పెట్టకుండా పంపే ఇల్లు కాదది. ఆ రోజు మాత్రం ఎవరూ పెట్టలేదు. బల్ల మీద రొట్టె ఉంది. తనే తుంచుకుందామంటే ఉల్కాన్‌కు చేయి రాలేదు.